మన డెల్టా మట్టికి ఏ పిట్ బైక్ నప్పుతుంది?

మా మేనల్లుడికి పదమూడేళ్లు. సంక్రాంతి సెలవులకి వచ్చాడు. ప్రభల తీర్థం నుంచి తిరిగొచ్చిన సాయంత్రం ఫోన్ నా చేతిలో పెట్టి, "మావయ్యా, ఈ నాలుగింట్లో ఏది మంచిది?" అని అడిగాడు. నాలుగూ పిట్ బైకులే. ఒకటి ముప్పై ఐదు వేలు, ఇంకొకటి మూడు లక్షల చిల్లర. ఫొటోల్లో మాత్రం అన్నీ అన్నదమ్ముల్లా ఉన్నాయి: గుబ్బలున్న బటన్ టైర్లు, ఎత్తైన మడ్‌గార్డు, రంగురంగుల ప్లాస్టిక్. తేడా చెప్పడం మొదలుపెట్టాక అక్క రెండుసార్లు భోజనానికి పిలిచినా లేవలేకపోయాం.

వాడికి చెప్పిందే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. నాలుగేళ్లుగా గోదావరి డెల్టాలో, రాజోలు పక్కన మా కొబ్బరి తోటలోనూ, కోతలయ్యాక చేలోనూ ఈ బండ్లు తోలుతున్నాను. విప్పి బిగించుకోవడం కూడా నేనే. మన దగ్గర పిట్ బైక్‌ని సీసీ చూసి కొనకూడదు. మన మట్టిని, నీళ్లని తట్టుకుంటుందా, చెడితే మన ఊళ్లోనే బాగవుతుందా అని చూసి కొనాలి.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. మట్టి ట్రాక్ మీద జరిగే మోటోక్రాస్ రేసుల్లో బైకులు సర్దుకునే చోటుని పిట్ అంటారు. ఆ ఆవరణలో అటూ ఇటూ తిరగడానికి వాడిన బుల్లి బండ్లే పిట్ బైకులు. ఇప్పుడు 50 నుంచి 190 సీసీ దాకా వస్తున్నాయి. వీటిలో చాలా ఇంజిన్లకి మూలం 1958లో హోండా తెచ్చిన సూపర్ కబ్. సిలిండర్ ముందుకి పడుకుని ఉంటుంది. 1985లో మన దగ్గరికి వచ్చిన హీరో హోండా సీడీ 100, ఆ తర్వాత వచ్చిన స్ప్లెండర్ కూడా ఆ వంశంలోవే. అందుకే స్ప్లెండర్ విప్పి బిగించే మెకానిక్‌కి పిట్ బైక్ ఇంజిన్ చూస్తే బెరుకుండదు. మన లెక్కలో ఇది చాలా పెద్ద విషయం.

## కొనేముందు తేల్చుకోవాల్సినవి

నేల. పాతిక కిలోమీటర్ల లోపలే మనకి మూడు రకాల నేల తగులుతుంది. చేలల్లో నల్ల బంకమట్టి, గోదావరి మధ్య లంకల్లో ఇసుక కలిసిన ఒండ్రు, అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్తే ఇసుక, ఉప్పుగాలి. తడి బంకమట్టి టైరు బటన్ల మధ్య నిండిపోతే టైరు నున్నగా గుమ్మడికాయలా తయారవుతుంది. తర్వాత మడ్‌గార్డు కింద ఇరుక్కుని చక్రాన్నే పట్టేస్తుంది. ఎండాకాలంలో బాధ వేరు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక చేను నెర్రెలు విచ్చుతుంది. 10 అంగుళాల ముందు చక్రం ఆ నెర్రెలో దిగిందంటే అక్కడే ఆగుతుంది, మనిషి మాత్రం ముందుకి వెళ్లిపోతాడు. 14 అంగుళాల చక్రం అదే నెర్రెని చిన్న కుదుపుతో దాటేస్తుంది. కాబట్టి ఇంజిన్ కన్నా ముందు చక్రాల సైజు చూడండి. 14/12 అంటే ముందు చక్రం 14, వెనక చక్రం 12 అంగుళాలు. 17/14 కూడా అంతే.

ఎత్తు, బరువు. బండి మీద కూర్చుంటే రెండు పాదాల ముందు భాగం నేలకి గట్టిగా ఆనాలి. బురదలో ప్రతి పది గజాలకీ కాలు కింద పెట్టాల్సి వస్తుంది. "ఏడాదిలో పొడుగవుతాడు కదా" అని పెద్ద బండి కొంటే ఆ ఏడాది పిల్లాడు భయంతోనే తోలతాడు. పెద్దవాళ్ల విషయంలో దీనికి ఎదురు. 75 కిలోల మనిషి పిల్లల బండి ఎక్కితే షాకులు అడుగంటిపోతాయి, మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతాయి.

విడిభాగాలు. చైను, క్లచ్ ప్లేట్లు, కార్బరేటర్ కిట్, ట్యూబులు, బ్రేక్ ప్యాడ్లు. ఈ ఐదూ ఎక్కడ దొరుకుతాయో కొనేముందే కనుక్కోండి. అమలాపురం, భీమవరం, రాజమండ్రి షాపుల్లో దొరికేది ఏది, ఆర్డర్ పెట్టి పది రోజులు ఎదురు చూడాల్సింది ఏది అని ఒక కాగితం మీద రాసుకోండి. నేనలా రాసుకోకుండా మొదటి బండి కొన్నాను. ఒక చిన్న క్లచ్ స్ప్రింగు కోసం వేసవి సెలవులన్నీ గడిచిపోయాయి.

చట్టం. దీన్ని దాటవేయకండి. పిట్ బైకులకి రిజిస్ట్రేషన్ ఉండదు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండిని బహిరంగ స్థలంలో నడపకూడదు. బహిరంగ స్థలం అంటే తారురోడ్డు ఒక్కటే కాదు. జనానికి వెళ్లే హక్కున్న ఏ దారైనా, ఏ చోటైనా అదే లెక్క. అంటే ఏటిగట్టు, కాలువగట్టు రోడ్డు, ఊరి డొంక, బీచ్ అన్నీ వస్తాయి. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులో, బండి యజమానో బాధ్యులు. 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉండొచ్చు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇన్సూరెన్సు కూడా ఉండదు కాబట్టి ఎవరికైనా తగిలితే ఖర్చంతా మన మీదే. సొంత చేను, సొంత తోట, లేదా యజమానిని అడిగి ఒప్పుకున్న స్థలం. ఇవే మనకి తోలుకునే చోట్లు.

చట్టం సంగతి అలా ఉంచినా గట్ల మీద తోలొద్దు. వానాకాలం ముందు బటన్ టైర్లతో గట్టు మీద గాళ్లు పడితే, వరదొచ్చినప్పుడు నీరు వెతుక్కునేది ఆ గాళ్లనే. బీచ్ ఇసుకలో చలికాలం నుంచి ఎండాకాలం మొదటి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇసుక పైపైన చూస్తే ఏమీ కనబడదు, గుడ్లు లోపల ఉంటాయి.

## ఒక్క చూపులో

| రకం | ఎవరికి | మన నేలలో ఎలా నడుస్తుంది | విడిభాగాలు | అసలు ఇబ్బంది |
|---|---|---|---|---|
| 49 సీసీ టూ-స్ట్రోక్ మినీ | చిన్న పిల్లలకి, గట్టి నేల మీద | బురదలో, ఇసుకలో కష్టం | ఆన్‌లైన్‌లోనే | క్లచ్ కాలిపోవడం |
| చైనా 110–140 ఫోర్-స్ట్రోక్ | 12 ఏళ్లు దాటినవాళ్లకి, పెద్దవాళ్లకి | 14/12, 17/14 అయితే బాగా | సగం మన ఊళ్లో, సగం ఆర్డర్ | బోల్టులు, బేరింగులు నాసిరకం |
| కవాసకి కేఎల్ఎక్స్ 110 | పిల్లల దగ్గర్నుంచి నేర్చుకునే పెద్దల దాకా | చాలా బాగా | డీలర్ ద్వారా, ఖరీదు | కొనే ధర |
| స్ప్లెండర్ ఇంజిన్‌తో కట్టించింది | బండి పని తెలిసినవాళ్లకి | కట్టినవాడి పనితనం మీద | ఇంజిన్‌వి ప్రతి ఊళ్లో | ఫ్రేమ్ వెల్డింగ్, కాగితాలు |
| హీరో ఎక్స్‌పల్స్ లాంటి రోడ్డు బండి | లైసెన్సున్న పెద్దవాళ్లకి | గట్టి మట్టిరోడ్డు మీద బాగా | సులువు | బరువు, ఎత్తు |

## 49 సీసీ టూ-స్ట్రోక్ మినీ

ధర చూసి అందరి కళ్లూ మొదట దీని మీదే పడతాయి. తాడు లాగితే స్టార్ట్ అవుతుంది, గేర్లు లేవు, పెట్రోల్‌లో టూ-టీ ఆయిల్ కలపాలి. ఈ రకానికి సాధారణంగా చెప్పే పాళ్లు 25:1, అంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు. పిల్లాడికి చెప్పి వదిలేయకుండా పెద్దవాళ్లే కొలిచి కలపండి. ఆయిల్ వేయడం ఒక్కసారి మర్చిపోయినా పిస్టన్ పట్టేస్తుంది.

దీని బలహీనత క్లచ్‌లో ఉంది. ఇంజిన్ వేగం అందుకున్నాక లోపలి షూలు విచ్చుకుని డ్రమ్ముని పట్టుకుంటాయి. గట్టి నేల మీద, సిమెంటు కల్లం మీద బాగానే పట్టుకుంటాయి. బురదలో చక్రం తిరగనప్పుడు పిల్లాడు యాక్సిలరేటర్ ఇంకా లాగుతాడు. షూలు డ్రమ్ముకి రాసుకుంటూ వేడెక్కి మాడిపోతాయి. మా తోటలో ఒక సాయంత్రం సరిగ్గా అదే జరిగింది. మాడిన వాసన పక్క తోటదాకా పోయింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే ఆ క్లచ్ విడిగా రాదన్నారు.

ఎనిమిదేళ్ల పిల్లాడికి, గట్టిగా తొక్కిన వాకిలి ఉన్న ఇంటికి అయితే ఇది సరిపోతుంది. అదే డబ్బుకి కొంచెం కలిపి 50–70 సీసీ ఫోర్-స్ట్రోక్ దొరికితే మాత్రం వెనకాడకుండా అదే తీసుకోండి. చప్పుడు తక్కువ, ఆయిల్ కలిపే గొడవ లేదు, గేర్లు కూడా అలవాటవుతాయి.

## చైనా 110 నుంచి 140 దాకా

నేను ఇప్పుడు తోలుతున్నది ఈ రకమే, 125, 14/12 చక్రాలు. లిఫాన్, వైఎక్స్, జోంగ్‌షెన్ పేర్లతో వచ్చే ఇంజిన్లు ఇందులో ఉంటాయి. బండి మీద స్టిక్కర్ ఏదైనా కావచ్చు, ఇంజిన్ ఎవరిదో అడగండి. ఇంజిన్ పేరు చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి, ఎందుకంటే రేపు గాస్కెట్ కావాలంటే ఆ పేరు చెప్పే వెతకాలి.

క్లచ్ లీవర్ లేని సెమీ ఆటో కావాలా, చేతి క్లచ్ కావాలా అన్నది తర్వాతి ప్రశ్న. నేర్చుకునే పిల్లలకి సెమీ ఆటో మంచిది. బురదలోంచి బండిని మెల్లగా బయటికి తీయాలంటే చేతి క్లచ్ ఉన్నదే దారి, శక్తిని వేలి చివర్లతో కొలిచి వదలొచ్చు. స్ప్లెండర్ అలవాటైనవాళ్లకి ఒక జాగ్రత్త. స్ప్లెండర్‌లో గేర్లు ముందుకి నొక్కుతూ పోతాం. చాలా పిట్ బైకుల్లో కాలి వేళ్లతో పైకి ఎత్తుతూ పోవాలి. మొదటి వారం తప్పకుండా తడబడతారు.

ఇంజిన్ల మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా మిగతా సామాను మీద. బాక్సులోంచి తీసిన రోజే ప్రతి బోల్టూ స్పానర్‌తో చూసుకోవాలి. చక్రాల బేరింగుల్లో గ్రీజు పేరుకే ఉంటుంది. నేను ముందు చక్రం యాక్సిల్ తీసి వేలు పెట్టి తిప్పితే, కొత్త బండి బేరింగు ఇసుక నమిలినట్టు గరగరలాడింది. అదే సైజు మంచి బేరింగులు అమలాపురంలో తెచ్చి వేశాను. అంతటితో ఆ బాధ పోయింది.

125, 140 మధ్య ఊగిసలాడేవాళ్లు చాలామంది. మన బంకమట్టిలో 125 కింది గేర్లలో చేయలేని పని 140 చేసేది తక్కువ. బరువు 80 కిలోలు దాటిన మనిషికి, లంక ఇసుకలో ఎక్కువ తిరిగేవాళ్లకి 140 అర్థవంతం. మిగతావాళ్లు ఆ తేడా డబ్బు టైర్ల మీద పెట్టండి.

17/14 చక్రాల్లో ఒక సౌకర్యం ఉంది. 17 అంగుళాల ట్యూబు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. 12 అంగుళాల వెనక చక్రానికి మన షాపుల్లో దొరికేవి స్కూటర్ టైర్లే, బటన్ టైరు కావాలంటే ఆర్డరే. 80/100-12 అని టైరు పక్కన రాసి ఉంటుంది, చూసి చెప్పండి.

## కవాసకి కేఎల్ఎక్స్

డబ్బు అడ్డం కాకపోతే పిల్లలున్న ఇంటికి కేఎల్ఎక్స్ 110నే చెబుతాను. సీటు ఎత్తు మామూలు 110లో 68 సెంటీమీటర్లు, ఎల్ రకంలో 73. బరువు 76 కిలోలు. యాక్సిలరేటర్ ఎంత తిరగాలో ఆపేసే స్క్రూ ఉంటుంది. మొదటి నెల దాన్ని బిగించి, పిల్లాడికి చెయ్యి కుదిరేకొద్దీ వదులు చేసుకుంటూ పోవచ్చు. ఈ ఒక్క స్క్రూ విలువ బిడ్డని బండి ఎక్కించిన తల్లికి తెలుస్తుంది.

ముందు బ్రేక్ డ్రమ్మే, డిస్క్ కాదు. కొందరు దీన్ని లోపం అంటారు. బురద నీళ్లలో తడిసిన డ్రమ్ము కాసేపు సరిగ్గా పట్టుకోదు, నిజమే. నీళ్లు దాటాక మెల్లగా రెండు మూడుసార్లు బ్రేక్ నొక్కి ఆరబెట్టుకోవాలి.

మన దేశంలో అమ్మిన కేఎల్ఎక్స్ 140 మాత్రం వేరే సంగతి. 21/18 చక్రాలు, 86 సెంటీమీటర్ల సీటు. పేరు చూసి 110కి అన్నయ్య అనుకుని పిల్లలకి కొనకండి. పొడుగైన పెద్దవాళ్లకి మంచి బండి. ఈ రెండింటికీ కూడా రోడ్డు రిజిస్ట్రేషన్ లేదు, ఇది డీలర్ దగ్గరే మళ్లీ అడిగి రూఢి చేసుకోండి.

## స్ప్లెండర్ ఇంజిన్‌తో కట్టించుకోవడం

మన మెకానిక్కుల చేతిపని మీద నాకు చాలా గౌరవం. రొయ్యల చెరువు ఏరేటర్ దగ్గర్నుంచి వరికోత యంత్రం దాకా అన్నీ బాగుచేసే చేతులు అవి. పాత స్ప్లెండర్ ఇంజిన్ తీసి, చిన్న ఫ్రేమ్ కట్టి, స్కూటర్ చక్రాలు వేసి బండి తయారుచేస్తారు. ఖర్చు తక్కువ, 97 సీసీ ఇంజిన్‌కి పిస్టన్ నుంచి పిన్ను దాకా ప్రతి ఊళ్లో దొరుకుతుంది.

నా సందేహం ఇంజిన్ మీద కాదు, ఫ్రేమ్ మీద. గంతు వేసి దిగినప్పుడు బరువంతా హ్యాండిల్ కింది మెడ దగ్గర పడుతుంది. అక్కడ వెల్డింగ్ విడితే ముందు చక్రం మడుచుకుపోతుంది. ఆ చోట మూడు మూలల ప్లేటు వేసి వెల్డ్ చేశారా, పైపు దళసరిది వాడారా చూడండి. పిల్లలకి కట్టించకండి. పెద్దవాళ్లు కూడా గంతులు లేకుండా తోట దారుల్లో తిరగడానికే వాడుకోండి.

కాగితాల మాట. ఇంజిన్ ఎవరి దగ్గర కొన్నారో రాతపూర్వకంగా తీసుకోండి, ఇంజిన్ నంబరు అందులో ఉండాలి. రోడ్డు మీద తిరిగే బండిని అలాగే కోసి మార్చడం చట్టానికి విరుద్ధం. పాత బండి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాకే దాని సామాను ముట్టుకోవాలి.

## రోడ్డు మీదకీ కావాలంటే

చేనుకి వెళ్లాలి, నరసాపురం పంటు (రేవు దాటించే పడవ) ఎక్కాలి, ఆదివారం మట్టిలో సరదాగా తిరగాలి అనుకునేవాళ్లకి పిట్ బైక్ అసలు జవాబే కాదు. రిజిస్ట్రేషన్ ఉన్న బండి కొనండి. ఎక్స్‌పల్స్ 200 4వీకి 825 మిల్లీమీటర్ల సీటు, 21/18 చక్రాలు ఉన్నాయి. బరువు 150 కిలోల పైనే, కాబట్టి బంకమట్టిలో పడితే లేపడానికి ఇద్దరు కావాలి. కొబ్బరికాయలు మోయడం కూడా పనిలో భాగమైతే టీవీఎస్ ఎక్స్‌ఎల్‌ని మించింది లేదని మన ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

## ఎవరికి ఏది

పదేళ్ల లోపు పిల్లలకి 50–70 ఫోర్-స్ట్రోక్, 10 అంగుళాల చక్రాలు, గట్టి నేల. పన్నెండు నుంచి పదహారు మధ్య ఉంటే సెమీ ఆటో 110, 14/12. డబ్బుంటే కేఎల్ఎక్స్, లేకపోతే చైనాది కొని బేరింగులు, బోల్టులు మనమే సరిచేసుకోవడం. పెద్దవాళ్లలో ఐదున్నర అడుగుల లోపువాళ్లకి 14/12, అంతకు మించితే 17/14.

తీరం పక్క ఉండేవాళ్లకి నా సలహా కొంచెం మారుతుంది. ఉప్పుగాలికి చవక బండి స్పోకులు, బోల్టులు ఒక్క వానాకాలంలో తుప్పెక్కుతాయి. అక్కడ 140 కన్నా, మంచి రిమ్ములున్న 110 ఎక్కువ కాలం బతుకుతుంది.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు ముందు ఇంజిన్ చల్లగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూడండి. ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే స్టార్టింగ్ సమస్య దాస్తున్నారేమో అనుకోవాలి. ఆయిల్ మూత తీయండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. మన ప్రాంతంలో వరద నీళ్లలో మునిగిన బండ్లు చాలా ఉంటాయి. సీటు కింద, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూలల్లో ఎండిన సన్నటి ఒండ్రు కనిపిస్తే అది మునిగిన బండే.

## మార్పులు: డబ్బు ఏ వరసలో పెట్టాలి

చాలామంది సైలెన్సర్‌తో మొదలుపెడతారు. చప్పుడు పెరుగుతుంది, పక్క చేనువాళ్లకి మన మీద కోపం పెరుగుతుంది, బండి మాత్రం బురదలోంచి ముందుకి కదలదు.

మొదటి ఖర్చు టైర్లు. బంకమట్టికి బటన్లు ఎత్తుగా, ఎడంగా ఉండాలి. అప్పుడే తిరిగేటప్పుడు మట్టి విదిలిపోతుంది. ఎండాకాలం గట్టి నేల మీదే తోలేవాళ్లకి దగ్గరదగ్గరగా ఉన్న బటన్లు మంచివి. గాలి 12 నుంచి 14 పౌండ్లు చాలు. గాలి కొట్టే అబ్బాయి అలవాటు కొద్దీ పాతిక పౌండ్లు కొట్టేస్తాడు, పక్కనే ఉండి చెప్పండి.

రెండోది స్ప్రాకెట్, అంటే చైను తిరిగే పళ్ల చక్రం. ముందు స్ప్రాకెట్‌కి ఒక పన్ను తగ్గిస్తే, వెనక మూడు పళ్లు పెంచినంత తేడా వస్తుంది. పై వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. మన చేలల్లో కావాల్సింది ఆ బలమే. కొనేముందు ఇంజిన్ బయటి షాఫ్టు కొలవండి, ఈ ఇంజిన్లలో 17 మిల్లీమీటర్లది, 20 మిల్లీమీటర్లది అని రెండు రకాలు వస్తాయి. చాలా పిట్ బైకులకి 420 సైజు చైను ఉంటుంది. మన షాపుల్లో సులువుగా దొరికేది 428. స్ప్రాకెట్లు రెండూ మార్చేటప్పుడే 428కి మారిపోతే తర్వాత చైను కోసం తిరగక్కర్లేదు.

మూడోది షాకులు. కొత్తవి కొనక్కర్లేదు. మనిషి కూర్చున్నప్పుడు వెనక షాకు మొత్తం కదలికలో మూడో వంతు దగ్గర కుంగేలా స్ప్రింగు బిగించుకుంటే బండి స్వభావమే మారిపోతుంది. దీనికి ఖర్చు అసలు లేదు, సి-స్పానర్ ఒకటి కావాలి.

ఆ తర్వాతే కార్బరేటర్, సైలెన్సర్. రెండూ మార్చితే జెట్ (కార్బరేటర్‌లో పెట్రోల్ వదిలే సన్న కన్నపు ముక్క) కూడా మార్చాలి, లేకపోతే గాలి ఎక్కువై ఇంజిన్ వేడెక్కుతుంది. కాసేపు గట్టిగా తోలి ఆపి ప్లగ్ విప్పి చూడండి. మొన మీద తెల్లగా ఉంటే పెట్రోల్ చాలడం లేదు, మసిగా ఉంటే ఎక్కువైంది, ఇటుక రంగుకి దగ్గరగా ఉంటే సరిపోయింది. కొండ ప్రాంతాలవాళ్లు వీడియోల్లో చెప్పే జెట్ నంబర్లు మనకి పనికిరావు, మనం దాదాపు సముద్ర మట్టానికే ఉన్నాం.

పెద్ద సిలిండర్ కిట్ వేసే ముందు నా మాట వినండి. ఆ డబ్బుతో హెల్మెట్, గాగుల్స్, మోకాలి గార్డులు, బూట్లు కొనండి. హెల్మెట్ మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి. ఇవి లేకుండా మా తోటలో ఎవరినీ బండి ఎక్కనివ్వను.

## మట్టి, నీళ్లు, ఉప్పు: బండిని నిలబెట్టుకోవడం

బంకమట్టి ఎండాక ఇంజిన్ రెక్కల మధ్య కాల్చిన కుండలా గట్టిపడిపోతుంది. ఈ ఇంజిన్లకి గాలే చల్లదనం. రెక్కలు పూడుకుపోతే ఇంజిన్‌కి ఊపిరాడదు. అందుకే తోలిన రోజే, మట్టి పచ్చిగా ఉండగానే కడగాలి. బక్కెట్టు, చెక్క పుల్ల, పాత టూత్‌బ్రష్ చాలు. వాటర్ సర్వీసింగ్ గన్ బేరింగుల మీద, కార్బరేటర్ మీద పెట్టనివ్వకండి, గ్రీజు బయటికి పోయి నీళ్లు లోపలికి వెళ్తాయి.

రెండేళ్ల కిందట తోటలో బోదె (చిన్న నీటి కాలువ) దాటుతుంటే నా బండి పక్కకి ఒరిగి ఎయిర్ ఫిల్టర్ దాకా మునిగింది. కంగారులో కిక్ కొట్టబోయాను. పక్కనే ఉన్న మెకానిక్ బాబాయ్ నా కాలు పట్టుకుని ఆపేశాడు. "ఆగండి బాబూ, సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోద్ది. ముందు ప్లగ్గు ఇప్పండి." ప్లగ్ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి కిక్ నొక్కితే ప్లగ్ కన్నంలోంచి పిచికారీలా నీళ్లు చిమ్మాయి. తర్వాత కార్బరేటర్ గిన్నె ఖాళీ చేసి, ఆయిల్ మార్చి, గంటలో స్టార్ట్ చేశాం. ఆయన ఆపకపోయి ఉంటే ఇంజిన్ పోయేది. మునిగిన బండికి కిక్ కొట్టకూడదని పిల్లలకి మొదటి రోజే నేర్పండి.

ఇంజిన్ ఆయిల్ ఈ చిన్న ఇంజిన్లలో లీటరు కూడా పట్టదు, చాలావాటికి పేపర్ ఫిల్టరూ ఉండదు. మురికంతా ఆ ఆయిల్లోనే తిరుగుతుంది. కొత్త బండికి మొదటి రెండు గంటల్లోపే మార్చేయండి, తర్వాత ఎనిమిది పది గంటల తోలకానికి ఒకసారి. క్లచ్ ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది కాబట్టి డబ్బా మీద జేఏఎస్ఓ ఎంఏ అని రాసి ఉన్నదే పోయాలి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది.

ఎయిర్ ఫిల్టర్ స్పాంజిని లంక ఇసుకలో తోలిన ప్రతిసారీ ఉతకాలి. సబ్బునీళ్లలో పిండి, నీడలో ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి బిగించండి. ఆరీ ఆరకుండా పెట్టకండి. చైను వదులు వేలితో ఎత్తితే 3 సెంటీమీటర్ల చుట్టూ ఉండాలి, మనిషి కూర్చున్నప్పుడు కూడా పూర్తిగా బిగుసుకోకూడదు. ఇసుకలో తోలిన చైనుకి అలాగే ఆయిల్ వేస్తే అది ఆకురాయి ముద్దలా మారి పళ్లని అరగదీస్తుంది. ముందు కిరసనాయిలు గానీ డీజిల్ గానీ పెట్టి కడగండి.

స్పోకులు మొదటి రెండు మూడు తోలకాల తర్వాత ఒకసారి బిగించాలి. పెన్సిల్‌తో తట్టుకుంటూ పోతే వదులైనది చప్పుడులోనే తెలిసిపోతుంది. ముందు ఫోర్క్ సీళ్ల దగ్గర ఎండిన మట్టి ఉండగా తోలితే సీళ్లు కోసుకుపోతాయి, ఆయిల్ కారి బ్రేకు మీద పడుతుంది. యాక్సిళ్లకి, స్టీరింగ్ బేరింగుకి నీళ్లకి కొట్టుకుపోని మెరైన్ గ్రీజు వాడండి.

ఇక వానాకాలం. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలి సార్వా (తొలి పంట) పనులు మొదలయ్యాక మన చేలల్లో బండికి పనుండదు. మూడు నాలుగు నెలలు మూలన పెట్టాల్సిందే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. మన గాలిలో తేమకి కొదవ లేదు. కార్బరేటర్‌లో పెట్రోల్ అలాగే వదిలేస్తే దసరాకి జెట్‌లో పచ్చటి జిగురు తీయాల్సి వస్తుంది. ట్యాంకు ఖాళీ చేయండి, కార్బరేటర్ గిన్నె కింది స్క్రూ తీసి చివరి చుక్కదాకా వదలండి. ప్లగ్ కన్నంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి, కిక్ రెండుసార్లు మెల్లగా చేత్తో నొక్కి, ప్లగ్ బిగించండి. ఫ్రేమ్ కింద ఇటుకలో, చెక్క దుంగో పెట్టి రెండు చక్రాలూ నేలకి ఆనకుండా లేపండి. నీళ్లొచ్చే పల్లపు ఇల్లయితే అరుగు మీదకి ఎక్కించండి.

చివరిగా సైలెన్సర్ మూతికి గుడ్డ చుట్టి గట్టిగా కట్టండి. నిరుడు నేను మర్చిపోయాను. నవంబర్‌లో ఎంత కొట్టినా బండి స్టార్ట్ కాలేదు. ప్లగ్ మార్చి, కార్బరేటర్ విప్పి, సగం రోజు తన్నుకున్నాక మేనల్లుడు టార్చి వేసి సైలెన్సర్ లోపలికి చూశాడు. కందిరీగ చక్కగా మట్టిగూడు కట్టుకుని ఉంది.